జీవితమంతా తాగిన నాన్నకీ, జీవితమంతా ప్రార్థించిన అమ్మకీ ఒకటే కృపా?

కావలి చెల్లి రాశారు:

అందరికీ వందనాలు. మా నాన్న పోయి ఏడాది కావస్తోంది. తాగుడు వల్ల ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే. అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి పోయి మమ్మల్ని చదివించింది. పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేది, చేతులకూ చీరకూ ఆ ఘాటు అలాగే ఉండేది. ఆ చేతులతోనే అన్నం వండి, నాన్న ఎక్కడ పడిపోయాడో వెతుక్కుని తీసుకొచ్చేది. ఆదివారం ఆరాధన మానింది లేదు. ఇంటికొచ్చిన సేవకుణ్ణి అన్నం పెట్టకుండా పంపింది లేదు.

చివర్లో నాన్నకు లివర్ పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు పాస్టరు గారు వచ్చి మాట్లాడారు. నాన్న ఏడ్చాడు. ప్రభువును క్షమించమన్నాడు, అమ్మ చెయ్యి పట్టుకుని అమ్మనూ అడిగాడు. ఆ వారంలోనే పోయాడు. సమాధి దగ్గర పాస్టరు గారు "ఈయన ప్రభువు సన్నిధిలో ఉన్నాడు, కృప అంటే ఇదే" అన్నారు. అమ్మ తలూపింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

రక్షణకు అర్హత అక్కర్లేదని సండే స్కూల్ నుంచి వింటున్నాను. విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ అనే ఎఫెసీయులకు 2:8 వాక్యం నిద్రలో లేపినా చెప్తాను. అదే మా ఇంట్లో జరిగేసరికి మింగుడు పడట్లేదు. అమ్మ కష్టానికి లెక్కే లేదా? వాక్యం తెలిసిన పెద్దలు చెప్పండి. "ప్రార్థన చేసుకోమ్మా, సమాధానం వస్తుంది" అని మాత్రం అనొద్దు. ఆ మాట చాలామంది అన్నారు.

పొదిలి మాస్టారు రాశారు:

అమ్మా, వందనాలు. నీ ప్రశ్న బైబిల్లోనే ఉంది. అడిగినవాళ్లు ద్రాక్షతోట కూలీలు, మత్తయి 20వ అధ్యాయం. యజమాని తెల్లారి నుంచి సాయంత్రం దాకా విడతలుగా కూలీలను పెట్టుకుని, చివరికి అందరికీ ఒకే దేనారం కూలి ఇచ్చాడు. "చివర వచ్చిన వీరు ఒక్కగంట మాత్రమే పనిచేసినను, పగలంతయు కష్టపడి యెండబాధ సహించిన మాతో వారిని సమానము చేసితివే" అన్నారు వాళ్లు. నువ్వడిగింది అచ్చం ఇదే. కాబట్టి ముందు ఒక సంగతి తెలుసుకో. ఈ ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదు. యేసు ప్రభువు ఈ కథ చెప్పినప్పుడే ఆ సణుగుడుకు అందులో చోటిచ్చాడు.

ఆ కథలో ఒక విషయం మనం గబగబా దాటేస్తాం. యజమాని ముందు వచ్చినవాళ్లకు ముందే కూలి ఇచ్చి పంపేసి ఉంటే గొడవే ఉండేది కాదు. తెల్లారి వచ్చినవాళ్లు ఒప్పుకున్న దేనారం తీసుకుని సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు. ఆయన కావాలనే చివర వచ్చినవాళ్ల నుంచి మొదలుపెట్టించాడు. తొలివాళ్లు నిలబడి చూడాలి. చూసి, తమ లోపల ఏముందో బయటికి రావాలి. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని అడగడానికే ఆ వరస.

ఇంకొకటి. సాయంత్రం ఐదింటిదాకా నిలబడినవాళ్లను "ఎందుకు ఊరికే ఉన్నారు" అని అడిగితే, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అన్నారు. ఒంగోల్లో పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఆ జవాబు అర్థమవుతుంది. మేస్త్రీలు వస్తారు, కండ ఉన్నవాణ్ణి చూసి ఎంచుకుంటారు. ఎండెక్కేసరికి మిగిలేది ముసలివాళ్లు, జబ్బు మనుషులు. ఒక దేనారం అంటే ఒక రోజు కూలి, ఆ రోజుకు ఇంటిల్లిపాది తిండి. గంటకు ఇంత అని కోసి ఇస్తే చివరివాడి పిల్లలు ఆ రాత్రి పస్తులే. యజమాని వాడి పనిని చూసి ఇవ్వలేదు, వాడి ఇంట్లో వెలగని పొయ్యిని చూసి ఇచ్చాడు. తొలివాళ్లకు ఒప్పుకున్నదాంట్లో కాసంత కూడా తగ్గించలేదు. మీ అమ్మగారికి రావాల్సింది ఎవరూ తీసి మీ నాన్నగారికి ఇవ్వలేదు తల్లీ.

చీమకుర్తి బ్రదర్ రాశారు:

ప్రైజ్ ద లార్డ్. మాస్టారంటే నాకు గౌరవం. కానీ ఈ బోధ వల్ల జరుగుతున్న నష్టం కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మా సంఘంలో పెద్దగా ఉంటున్నాను. కుర్రాళ్లు నా మొహం మీదే అంటున్నారు, "చివర్లో ఒప్పుకుంటే చాలు కదంకుల్" అని. "ప్రభువా ప్రభువా అని పిలిచే ప్రతివాడూ పరలోక రాజ్యంలో ప్రవేశించడు" అని ప్రభువే అన్నాడు. క్రియలు లేని విశ్వాసం మృతం అని యాకోబు రాశాడు. ఇవి కూడా అదే బైబిల్లో ఉన్నాయి కదా.

జర్మనీలో డీట్రిష్ బాన్‌హోఫర్ అనే పాస్టరు 1937లోనే హెచ్చరించాడు. మారుమనస్సు అడగని క్షమాపణ, సిలువ లేని కృప చౌక కృప అన్నాడు. నాజీలకు ఎదురు నిలిచి 1945 ఏప్రిల్‌లో ఉరికంబం ఎక్కాడు కాబట్టి ఆయన మాటకు విలువ ఉంది. సమాధుల దగ్గర అందరినీ పరలోకానికి పంపేసే ప్రసంగాలు తగ్గించుకోవాలని నా మనవి. చెల్లెమ్మ నాన్నగారి గురించి తీర్పు చెప్పట్లేదు. ఆయన హృదయం దేవుడికే తెలుసు.

టంగుటూరు అన్న రాశారు:

చెల్లెమ్మా, నేను మీ నాన్నలాంటి మనిషిని. నేను బతికాను, ఆయన పోయాడు, అంతే తేడా. అందుకని ఆ పక్క నుంచి ఒక మాట చెప్తాను.

ఊరికే దొరికింది కదా, తేలిగ్గా తీసుకుని ఉంటాడని అందరూ అనుకుంటారు. ఊరికే ఇచ్చింది తీసుకోవడమే చాలా కష్టం. తాగే మనిషికి అప్పులిచ్చినవాళ్లతో అలవాటే, తిట్టేవాళ్లతో అలవాటే. తిడితే మనసుకు హాయిగా ఉంటుంది. తిట్టారు, మనం పడ్డాం, లెక్క సరిపోయిందని ఇంకో క్వార్టర్ తాగొచ్చు. ఏమీ అనకుండా ఎదురుగా కూర్చున్న మనిషి ముందు మాత్రం నిలబడలేం. మా ఆవిడ తాళిబొట్టు తాకట్టు పెట్టి నా ఆసుపత్రి బిల్లు కట్టింది. మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తోంది, ఒక్క మాట అనలేదు. నేను అటు తిరిగి పడుకున్నాను. ఆమె కళ్లలోకి చూసే దమ్ము లేదు. మీ నాన్న మీ అమ్మ చెయ్యి పట్టుకుని అడిగాడంటే, నా లెక్కలో ఆయన తన జీవితంలో చేసిన అతి కష్టమైన పని అదే.

బ్రదర్ గారికి ఒకటి. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది "నాలుగంతలు తిరిగి ఇస్తాను" అన్నది ప్రభువు వాళ్లింటికి వచ్చాకనే. తిరిగిచ్చేస్తే వస్తానని ప్రభువు షరతు పెట్టలేదు. ముందు, తనను చూడాలని చెట్టెక్కినవాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. డబ్బు సంగతి తర్వాత జక్కయ్యే ఎత్తాడు. నేనూ పొగాకు కాల్చే బారన్ల దగ్గర పనిచేసి ఊళ్లో అప్పులు తీరుస్తూ వచ్చాను. తీరిస్తే దేవుడు క్షమిస్తాడని కాదు. క్షమించాడు కాబట్టి మొహం ఎత్తుకుని ఆ ఇళ్ల గడప తొక్కగలిగాను.

పెన్నా తీరం అక్క రాశారు:

టంగుటూరు తమ్ముడు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నెల్లూరు వైపు స్త్రీల సమాజంలో ఎంతోమందితో కలిసి ప్రార్థన చేస్తుంటాను. చూసింది చెప్తాను. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. భోజనాల షెడ్డు పక్కన టేబులు, దాని మీద గీతల నోటుబుక్కు, పెన్ను పట్టుకున్న మేనమామ. "ఫలానా ఊరు ఫలానావారు 516", "వెంకటగిరి చీర ఒకటి", "స్టీలు బిందె". పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వస్తే తీసి చూసి, అంతకు ఒక రూపాయి ఎక్కువే చదివిస్తాం. అది మర్యాద, తప్పు కాదు. మనుషుల మధ్య సంబంధాలు అలాగే నిలుస్తాయి. కానీ అదే పుస్తకం పట్టుకుని దేవుడి దగ్గరికి పోతున్నాం. "ప్రభువా, నా కొడుక్కి సీటొస్తే కృతజ్ఞత కూడిక పెట్టిస్తా." "ఇన్ని ఉపవాసాలు చేశాను, నా బిడ్డకు ఇంకా సంబంధం కుదరలేదేంటి ప్రభువా?" చదివించినదానికి తిరిగి రాలేదని బాధ. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేక తల్లులు లోపల్లోపల కుమిలిపోవడం నాకు తెలుసు.

చెల్లీ, తప్పిపోయిన కుమారుడి కథలో చిన్నకొడుకు ఆస్తి పాడుచేసి తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు. ఇంట్లోనే ఉండి పనిచేసిన పెద్దకొడుకు పట్టుకున్నదీ ఆ పుస్తకమే. "ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అని మొదలుపెడతాడు. చాలా ప్రసంగాల్లో పెద్దకొడుకును తిట్టి వదిలేస్తారు. నాకది నచ్చదు. చిన్నవాడి కోసం పరుగెత్తిన తండ్రే, విందు మధ్యలో లేచి వీడి కోసం కూడా బయటికొచ్చి బతిమాలాడు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. మీ అమ్మ విషయంలో ఈ మాట మీద మనసు పెట్టు. నాన్నకు ప్రభువుతో చివరి వారం దొరికింది. అమ్మకు జీవితమంతా దొరికింది. గ్రేడింగ్ షెడ్డులో, నడిరాత్రి నీ తండ్రిని వెతుకుతూ నడిచిన దార్లో ఆమె పక్కన ఎవరూ లేరా? నాన్న సుఖపడి చివర్లో లాటరీ కొట్టాడని నువ్వు అనుకుంటున్నావు. తాగుడులో ఆయన పడింది సుఖమంటావా?

ఒంగోలు కుర్రాడు రాశారు:

అందరూ పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు రెండు డౌట్లు. ఒకటి, చేసినవి, చేయబోయేవి అన్నీ క్షమించేస్తే జాగ్రత్తగా ఎందుకు ఉండాలి? రెండోది దీనికి తిరగేసి ఉంటుంది. పొద్దున వాక్యం చదవకుండా కాలేజీకి పోతే ఆ రోజంతా టెన్షన్. బండి మీద స్కిడ్ అయినా, ఇంటర్నల్ మార్కులు తగ్గినా, వాక్యం చదవలేదు కాబట్టే దేవుడు కొట్టాడనిపిస్తుంది. ఉచితమని పాట పాడతాను, కానీ లోపల భయం భయంగానే ఉంటుంది.

పొదిలి మాస్టారు రాశారు:

నాయనా, నీ మొదటి ప్రశ్న పౌలుకు కూడా ఎదురైంది. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని రోమా పత్రిక 6లో రాశాడు. బోధ వింటే ఆ అనుమానం రాక తప్పదు, అంత ధారాళంగా ప్రకటించాడు పౌలు. ఎవరైనా బోధ చెప్పాక ఈ ప్రశ్న ఎవరికీ రాలేదంటే, వాళ్లు చెప్పింది కృప కాదేమో చూసుకోవాలి. పౌలు జవాబు, కృపకు కొంచెం కళ్లెం వేద్దామని కాదు. పాపం విషయంలో చనిపోయినవాళ్లం ఇంకా దానిలో ఎలా బతుకుతాం అన్నాడు. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా ఉంది. భక్తిహీనతను వదిలిపెట్టమని మనకు బోధించేది ఎవరు? దేవుని కృపే. చీమకుర్తి బ్రదర్ అడిగే క్రియలు అందులో నుంచే పుట్టాలి. యాకోబు చెప్పింది కూడా పుట్టని క్రియల గురించే.

నీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ బాధ కలిగించింది. మన ఇళ్లల్లో పిల్లలకు ఎవరు నేర్పారో గానీ ఇది బాగా పాతుకుపోయింది. "చర్చికి రాకపోతే చూడు ఏమవుతుందో" అని పెంచుతాం. రోమా 8 మొదటి వచనం, "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు." ఈ వాక్యంలో పొద్దున్నే చదివినవాళ్లకు అని లేదు. తండ్రి బిడ్డను దిద్దడం వేరే, హెబ్రీయులకు 12లో ఉంది. ఆయన దిద్దితే దేనికి దిద్దుతున్నాడో తెలిసేలా దిద్దుతాడు. రోడ్డు మీద కంకర పోసి వదిలేసిన కాంట్రాక్టరు తప్పును దేవుడి మీద వెయ్యకు. వాక్యం చదువు. ఆకలేసి చదువు, భయపడి చదవకు.

గుండ్లకమ్మ ఒడ్డు రాశారు:

మన జిల్లా చరిత్రలోనే ఈ చర్చకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున సామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే నమ్మారు. మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. దాన్నే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాం. 1866లో అదే మిషన్ నుంచి జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్తుడు నమ్మి, తనవాళ్లందరికీ చెప్పాడు. ఆ తర్వాతే పెద్ద కులాలవాళ్లు కొందరు వచ్చి, మాదిగలను చేర్చుకోకపోతే మేమొస్తామన్న పరిస్థితి వచ్చింది. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికొకరు తెలియకుండా ఒకే వాక్యభాగం తెరిచారని ఆయనే రాసుకున్నాడు. 1 కొరింథీయులకు 1:26 నుంచి 29. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడు, ఎవరూ దేవుడి ఎదుట అతిశయించకుండా. దాంతో తేలిపోయింది. కులం కూడా ఒక అర్హతే కదా. అర్హత చూడని దేవుడి దగ్గర కులం చూపిస్తానంటే కుదరదు.

అసలు సంగతి కరువు నాటిది. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ధాతు కరువు. జనం ఆకులు, దుంపలు తిని దార్లలో చచ్చారు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మట్టి తవ్వినవాళ్లకు కూలి, నమ్మినా నమ్మకపోయినా. తెలుగు బోధకులు ఆ గుడారాల మధ్య వాక్యం చెప్పేవాళ్లు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతూనే ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదనీ, అన్నం ముట్టాలంటే మతం మారాలని వాళ్లు కూడా అనుకోకూడదనీ.

1878లో సహాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదని క్లౌ చెప్పేశాడు. అయినా వచ్చారు. మాకు సహాయం అక్కర్లేదు, మా చేతుల బొబ్బలు చూడండి, పనిచేసుకునే బతికాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారట. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి.

ఆకలికి వచ్చారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నా మటుకు నాకు ఆ చేతుల మీది బొబ్బల్లో రోమా 4:4 కనబడుతుంది. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." కాలువ గట్టున తీసుకున్నది జీతం, అది వాళ్ల హక్కు. దాన్ని ఎవరూ కృప అని పేరు పెట్టి దయ చూపించినట్టు ఇవ్వలేదు. నదిలో తీసుకున్నదానికి మాత్రం ఏ కూలీ చెయ్యలేదు. ఈ రెండూ కలిపేస్తే రెండూ పాడవుతాయి.

కావలి చెల్లి, మీ అమ్మగారి కష్టం తీరును కూడా ఇక్కడే చూడమంటాను. ఆమె మీకోసం పడిన కష్టానికి ఫలం ఉంది, మీరున్నారు. ప్రభువు ఇచ్చే జీతం కూడా ఉంటుందని 1 కొరింథీయులకు 3లో ఉంది. రక్షణ మాత్రం ఆ లెక్కలోది కాదు. ఆమె కూడా ఊరికే పొందినదే.

నెల్లూరు రంగనాయకుల పేట మిత్రుడు రాశారు:

నేను క్రైస్తవుణ్ణి కాదు, స్నేహితుడు లింకు పంపితే చదివాను. మర్యాదగా ఒక ప్రశ్న అడగొచ్చా? మా వైష్ణవంలో కూడా ఈ వాదం ఉంది. జీవుడి వైపు నుంచి ఏ ప్రయత్నమూ లేకుండానే భగవంతుడు కాపాడతాడని, దాన్ని నిర్హేతుక కృప అని తెంగలై సంప్రదాయం వాళ్లు అంటారు. వడగలై వాళ్లు, జీవుడి వైపు నుంచి ఒక చిన్న సాకైనా ఉండాలంటారు. కాబట్టి ఊరికే ఇవ్వడం నాకు కొత్త కాదు. నాకు అర్థం కానిది వేరే. ఆ తండ్రి పాపం చేసింది భార్యాబిడ్డల మీద. దేవుడు క్షమించేస్తే మరి వాళ్లకు జరిగిన నష్టం? దెబ్బ తిన్నది ఒకరు, సరేలే అన్నది ఇంకొకరు. ఇది న్యాయమేనా?

పెన్నా తీరం అక్క రాశారు:

అన్నా, మంచి ప్రశ్న అడిగారు. మా సంఘాల్లోనే చాలామంది అడగడానికి భయపడే ప్రశ్న.

మా విశ్వాసంలో దేవుడు "సరేలే" అనలేదు. "సరేలే" అనేటట్టయితే సిలువ అక్కర్లేదు. పాపం ఖరీదు ఆయన కొట్టేయలేదు, తానే మోశాడని మేం నమ్ముతాం. దెబ్బ తిన్నవాళ్ల పక్కన ఆయన దెబ్బ తిన్నవాడిగా నిలబడ్డాడు. అందుకే క్షమించే హక్కు ఆయనకుంది. మీ సంప్రదాయానికీ మాకూ తేడా నాకు తెలిసినంతలో ఇక్కడే ఉంది, కృప కలగడం ఎలాగన్నదాంట్లో కంటే దాని ఖరీదు ఎవరు కట్టారన్నదాంట్లో. ఊరికే దొరికింది నాకు. ఇచ్చినవాడికి ఊరికే రాలేదు. బాన్‌హోఫర్ చెప్పింది కూడా అదేనని బ్రదర్ గారు ఒప్పుకుంటారనుకుంటున్నా.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. దేవుడి క్షమాపణ ఉందని ఏ భార్యనూ దెబ్బలు తింటూ ఇంట్లో ఉండమనకూడదు. కొంతమంది పెద్దలు ఆ మాట అంటున్నారు, నేను విన్నాను. అది వాక్యం కాదు. క్షమించడం వేరు, కొట్టే చేతికి మళ్లీ దొరకడం వేరు. పోలీసు స్టేషన్‌కు పోయిన స్త్రీ కృప పోగొట్టుకున్నట్టు కాదు.

గూడూరు లూథరన్ రాశారు:

చిన్న సమాచారం. విశ్వాసమా, క్రియలా అని 1517 నుంచి మా లూథరన్లకూ కాతలిక్కులకూ నడిచిన గొడవ తెలిసిందే. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో రెండు పక్షాలూ కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. మనలో ఏ యోగ్యతా లేకుండా, కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ తర్వాత మంచి పనులకు మనల్ని పిలుస్తాడని. తేడాలు ఇంకా ఉన్నాయి. కానీ ఈ ముక్క మీద ఇద్దరూ ఒక్కటే. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. మాస్టారూ, బ్రదరూ మీరిద్దరూ ఒకే సంగతిని రెండు చివర్ల నుంచి పట్టుకున్నారు అనిపించింది.

కావలి చెల్లి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కటీ మళ్లీ మళ్లీ చదివాను. ద్రాక్షతోట భాగం అమ్మకు చదివి వినిపించాను కూడా. అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ విని, "కడపటి వాడికి కూడా అన్నం దొరికింది కదా, ఇంకేం" అంది. నాకు ఆమె అంత దూరం రాలేదు. కోపం పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ అన్యాయం జరిగిందన్న మాట ఇప్పుడు అనలేను.

ఒకటి అడగాలి. నాన్న పోయినప్పటి నుంచి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవట్లేదు. పళ్లెం నా దగ్గరికి రాగానే పక్కావిడకు అందిస్తున్నాను. ఇంత కోపం పెట్టుకుని అయోగ్యంగా తింటే శిక్ష కదా అని భయం. నేను చేస్తున్నది సరైనదేనా?

పొదిలి మాస్టారు రాశారు:

తల్లీ, 1 కొరింథీయులకు 11వ అధ్యాయం పైనుంచి చదువు. కొరింథులో కలిగినవాళ్లు ముందొచ్చి కడుపునిండా తిని తాగి మత్తెక్కేవాళ్లు. లేనివాళ్లు ఆలస్యంగా వచ్చి ఆకలితో చూస్తూ నిలబడేవాళ్లు. పేదవాణ్ణి సిగ్గుపరుస్తూ ఆ బల్లలో పాల్గొనడాన్ని పౌలు ఖండించాడు. లోపల పోరాడుతున్న మనిషి గురించి కాదు. 28వ వచనంలో ఏమన్నాడు? "తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. పరీక్షించుకుని మానెయ్యమనలేదు, పరీక్షించుకుని తినమన్నాడు. ప్రభువు తానే పెట్టిన మొదటి బల్ల దగ్గర శిష్యుడు పేతురు కూర్చున్నాడు, ఆ రాత్రే ఆయన్ను ఎరగనని బొంకబోతున్నాడని ప్రభువుకు తెలుసు. అయినా పెట్టాడు.

కోపాన్ని మంచిదనను. దాన్ని ప్రభువు దగ్గర దాచకు, అంతే. పళ్లెం వచ్చినప్పుడు ఆ కోపంతోనే చెయ్యి చాపి, "దీన్ని నేను తీసుకోలేకపోతున్నాను ప్రభువా, నువ్వే తియ్యి" అను. యోగ్యురాలివైన రోజున తీసుకుందామనుకుంటే ఆ రోజు ఎవరికీ రాదమ్మా, మీ పాస్టరు గారికీ రాదు.

చీమకుర్తి బ్రదర్ రాశారు:

మాస్టారి మాటతో ఏకీభవిస్తున్నాను చెల్లెమ్మా, ఈ ఆదివారం తీసుకో.

నా ఆందోళన మాత్రం అలాగే ఉంది, దాచుకోను. మా సంఘంలో బాప్తిస్మానికి ముందు తరగతుల్లో అప్పులు, తగాదాలు ఉన్నవాళ్లను వాటిని సర్దుకుని రమ్మంటాం. జక్కయ్య వరస చదివాక, వాటిని బాప్తిస్మం తర్వాత సంఘం తోడుండి తీర్పించేలా మార్చవచ్చునా అని పెద్దల కూటంలో ఎత్తాలనుకుంటున్నాను. టంగుటూరు అన్నా, మీరు అప్పులు తీర్చడానికి ఇళ్లకు పోయినప్పుడు సంఘం నుంచి ఎవరైనా తోడొచ్చారా? ఎలా చేశారో చెప్తే మాకు ఉపయోగం.

టంగుటూరు అన్న రాశారు:

మొదటి ఇంటికి మా అయ్యగారు వచ్చారు బ్రదర్. మాట్లాడింది నేనే, ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నారు. మిగతా ఇళ్లకు మా ఆవిడ వచ్చింది. అప్పు ఎవరికెంతో నాకంటే ఆమెకే బాగా గుర్తు. ముందే చీటీ మీద రాసుకుని, చిన్న మొత్తాల నుంచి మొదలుపెట్టాం. వద్దన్నవాళ్లున్నారు. తీసుకుని కూడా గుమ్మం బయటే నిలబెట్టినవాళ్లున్నారు. మీ కూటం ఎప్పుడో చెప్పండి, పని లేని రోజైతే చీమకుర్తి వస్తాను.